వేడెక్కితే దొరకదు

మైనస్ పద్దెనిమిది.
క్రూక్‌స్టన్‌లో ఇంకా తెల్లారలేదు.
చక్కెర ఫ్యాక్టరీ పొగ నిట్టనిలువుగా లేచి
కదలడం మరిచిపోయినట్టు ఆగింది.

తాళం తిప్పగానే నా పికప్పు
గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టు గింజుకుంటుంది.
సూది అయిదొందలకు పడి, తొమ్మిదొందలకు ఎగిరి,
మళ్ళీ పడి,
సీటు వణికి, అద్దంలో వెనక వీధి వణికి,
డ్యాష్‌బోర్డు మీది కాఫీలో వలయాలు.
పది నిమిషాలు.
ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు
పాలు తాగిన పిల్లిలా గుర్రుమంటుంది.

మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్తే
మహా బుద్ధిమంతురాలు.
దారి పొడవునా ఒళ్ళు కాచుకుని
వాడి షెడ్డులో ఒక్క దగ్గు దగ్గదు,
రాత్రంతా జ్వరంతో మూలిగిన పిల్ల
డాక్టరు గుమ్మంలో కిలకిల నవ్వినట్టు.
వాడు నా వైపు చూసిన చూపు,
ఆ చూపుకి కూడా ఎనభై డాలర్లు.

ప్లగ్గులు మార్చాను. కాయిల్ మార్చాను.
పెట్రోలులో కలిపే సీసా మందు
రెండు విడతలు పట్టించాను.
అన్నీ చీకట్లో బాణాలే.
పేరుకి మాత్రం కోదండపాణిని.

ఎదురింటి మార్లిస్ స్కోగ్ ఆ పేరుని
కోడీ అని కుదించింది.
మా భాషలో అదేమిటో ఆవిడకి చెప్పలేదు.
ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సుల గ్యారేజీలో పనిచేసి
రెండు వేళ్ళ కొసలు అక్కడే వదిలొచ్చిన మనిషి.
"కోడీ, వేడి మీదున్న బండిని అడిగితే అబద్ధమే చెప్తుంది.
రాత్రికి మా వాకిట్లో పెట్టి పో.
నేనొచ్చేదాకా తాళం ముట్టుకోకు."

అయిదింటికి వచ్చింది.
నైటీ మీద వేట కోటు, చెవుల టోపీ,
చేతిలో వెలిగించని ప్రొపేన్ సీసా,
దాని మూతికి సన్నటి గొట్టం.
బానెట్టు ఎత్తి, "ఇప్పుడు తిప్పు" అంది.

వణుకు మొదలైంది.
"పెట్రోలు లెక్క ప్రకారమే పోస్తోంది కోడీ.
లెక్కలో లేని గాలి
ఎక్కడో దొంగదారిన దూరుతోంది."
నల్లుల కోసం మంచం వెతికినట్టు
సందు సందుకీ గొట్టం కొస ఆనించింది.
మానిఫోల్డు అంచు: లేదు.
థ్రాటిల్ మెడ: లేదు.
టార్చి నేను పట్టుకున్నాను,
కావలసిన చోట తప్ప అన్నిచోట్లా వెలుగు పడేటట్టు.
వెనక, గోడకి ఆనుకుని,
కన్ను పోని, చెయ్యి మాత్రమే పోయే చోట
కొస ఆనగానే
ఇంజను ఒక్కసారిగా కుదుటపడింది.
తీసింది, దగ్గు.
పెట్టింది, నెమ్మది.
మూడోసారి నా కోసం చేసి చూపించింది.

"ఆపు."

బొటనవేలంత రబ్బరు ముక్క, మోచేయిలా వంగినది.
వంపు లోపలివైపు సన్నటి చీలిక.
చలికి బిర్రబిగిసి నోరు తెరుస్తుందట,
వేడికి మెత్తబడి
పెదవులు బిగించేస్తుందట.
కొత్తది ఆరు డాలర్ల నలభై సెంట్లు.
బిగిస్తుంటే నా కణుపు దగ్గర తోలు లేచింది.
డబ్బు తియ్యబోతే
"నా పాత బట్టల మిషన్ డంపుకి చేర్చు.
పికప్పు ఉన్నవాడి బాకీలు అలాగే తీరతాయి."

పాతది నా కోటు జేబులో ఉంది.
ఆ పూట ల్యాబులో బీట్‌రూట్ రసం తూస్తూ
నొక్కి చూశాను. చీలిక కనపడలేదు.
బయట సిగరెట్ల వాళ్ళ మధ్య కాసేపు నిలబడి
నొక్కాను.
కనపడింది.

మర్నాడు మైనస్ ఇరవై రెండు.
తాళం తిప్పాను.
సూది పన్నెండొందలకు లేచి
మెట్లు దిగే పెద్దమనిషిలా
ఏడొందలకు దిగి, అక్కడే నిలబడింది.
కాఫీ కదల్లేదు.
గేరు వెయ్యకుండా అలాగే కూర్చున్నాను.
ఎదురింటి వంటగదిలో దీపం వెలుగుతోంది.
అంత చలిలో
కిటికీ రెండంగుళాలు తెరిచి ఉంది.
కాసేపటికి
మూసుకుంది.